వర్డ్ మర్చిపోతున్నది ఏమిటి? జూమ్, విండో సైజు నిలబడేలా చేసుకునే పద్ధతి

రోజంతా తెలుగు ప్రూఫులు దిద్దడమే నా పని. ఉదయం ఫైలు తెరవగానే మొదట చేసేది చదవడం కాదు, విండో మూల పట్టుకుని లాగడం. తర్వాత కంట్రోల్ నొక్కి మౌస్ చక్రం తిప్పి అక్షరాలు పెద్దవి చేసుకోవడం. ఇంకో ఫైలు తెరిస్తే మళ్ళీ అదే తంతు. చాలా ఏళ్ళు ఇది వర్డ్ బుద్ధే అనుకుని సర్దుకుపోయాను.

ఒకసారి మాత్రం సర్దుకుపోవడం కుదరలేదు. ఒక ఫైలు నా దగ్గర తొంభై శాతం జూమ్‌తో తెరుచుకుంది. తొందరలో అలాగే చదివేశాను. 'అర్థం' ఉండాల్సిన చోట 'అర్ధం' పడింది, నా కంటికి ఆనలేదు. మొదటిది భావం, రెండోది సగం. ఈ రెంటికీ తేడా ఎక్కడుందో ఒకసారి దగ్గరగా చూడండి: 'ర' కింద వేలాడే చిన్న వత్తులో ఒక చుక్క. అసలు అక్షరంలోనే ఆ చుక్క చిన్నది, వత్తులో ఇంకా చిన్నది. తొంభై శాతం జూమ్‌లో అది ఒకటి రెండు పిక్సెళ్ళ ముచ్చట. ఇంగ్లీషు చదివేవాళ్ళకు వంద శాతం సరిపోవచ్చు. వత్తులు, గుణింతాలు, తలకట్లు ఒకదానిమీద ఒకటి పేర్చుకునే మన లిపికి సరిపోదు. నాకు నూట ముప్పై కావాలి, ప్రతిసారీ కావాలి, అడక్కుండా కావాలి.

అప్పుడు కూర్చుని తేల్చుకున్న సంగతి ఇదీ. వర్డ్ దేన్నీ మర్చిపోవడం లేదు. జూమ్‌ను ఒక చోట దాస్తోంది, విండో సైజును ఇంకో చోట. మనం రెంటినీ ఒకే మూటగా అనుకుని, ఒకదాని మందు రెండోదానికి వేస్తున్నాం.

ఎవరి సొత్తు ఎక్కడుంది

జూమ్ ఫైలు సొత్తు. డాక్‌ఎక్స్ ఫైలు (అంటే మామూలు వర్డ్ ఫైలు) సేవ్ అయినప్పుడు అక్షరాలతోపాటు జూమ్ శాతం కూడా అందులోకే వెళ్తుంది. ఆ ఫైలు మీరు ఎవరికి పంపితే వాళ్ళ దగ్గరికి మీ జూమ్ కూడా వెళ్తుంది. నాకు తొంభై వచ్చింది అందుకే. పంపిన డీటీపీ ఆపరేటర్‌ది పెద్ద మానిటర్, ఆయనకు తొంభై హాయిగా ఉంది, ఆ హాయిని నాకూ పంపారు.

విండో సైజు, అది స్క్రీన్‌మీద ఎక్కడ ఉందన్నది మీ కంప్యూటర్ సొత్తు. ఫైల్లోకి పోదు. వర్డ్ దాన్ని విండోస్ రిజిస్ట్రీలో, అంటే విండోస్ సెట్టింగులు దాచుకునే చిట్టాలో రాసుకుంటుంది. వర్డ్‌కు బదులు వాడే ఉచిత ప్రోగ్రాము లిబ్రెఆఫీస్ తన సొంత ప్రొఫైల్ ఫోల్డర్‌లో రాసుకుంటుంది.

నమ్మకం కుదరకపోతే కళ్ళారా చూడొచ్చు. ఏదైనా ఒక డాక్‌ఎక్స్ ఫైలుకు కాపీ తీయండి (అసలు ఫైలు జోలికి పోవద్దు). కాపీ పేరు చివర ఉన్న డాక్‌ఎక్స్ తీసేసి జిప్ అని పెట్టండి. విండోస్ 11లో పేరు చివరి భాగం కనబడకపోతే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కు టిక్ పెట్టాలి. ఇప్పుడు ఆ జిప్ తెరిస్తే లోపల వర్డ్ అనే ఫోల్డర్, అందులో సెట్టింగ్స్ అనే ఎక్స్ఎమ్ఎల్ ఫైలు ఉంటాయి. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కంట్రోల్+ఎఫ్ కొట్టి జూమ్ అన్న మాట వెతకండి. దాని పక్కనే పర్సెంట్ అని, కోట్స్ మధ్య ఒక అంకె ఉంటుంది. నా కొంప ముంచిన ఫైల్లో అక్కడ 90 అని ఉంది. ఇంతసేపూ వర్డ్‌ను తిట్టాను, పాపం అది పంపినాయన చెప్పిందే చేసింది.

లిబ్రెఆఫీస్ ఓడీటీ ఫైలు కూడా లోపల జిప్పే. అందులో సెట్టింగ్స్ ఎక్స్ఎమ్ఎల్ ఫైలు పై వరుసలోనే ఉంటుంది, జూమ్ ఫ్యాక్టర్ అని రాసి ఉంటుంది. ఉత్త టెక్స్ట్ ఫైలుకు మాత్రం ఇలా దాచుకునే అర లేదు. అందులో జూమ్ నిలవదు, అది మీ తప్పు కాదు.

వర్డ్: ఒక్క ఫైల్లో జూమ్ నిలబెట్టడం

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలామంది జూమ్ మార్చి, కంట్రోల్+ఎస్ కొట్టి, మూసేసి, మళ్ళీ తెరిచి, పాత జూమ్ చూసి తల పట్టుకుంటారు. జూమ్ మార్చడాన్ని వర్డ్ 'ఫైల్లో మార్పు' కింద లెక్కవేయదు. మార్పే లేదనుకుంటుంది కాబట్టి సేవ్ కొట్టినా కొత్తగా ఏమీ రాయదు. మూసేటప్పుడు 'సేవ్ చేయాలా' అని అడగదు కూడా. గమనించారా?

కాబట్టి దానికి ఒక సాకు చూపించాలి:

1. ఫైలు తెరవండి. పైన ఎనేబుల్ ఎడిటింగ్ అని పసుపుపచ్చ పట్టీ కనబడితే ముందు అది నొక్కండి. అది నొక్కనంతవరకు మీరు చేసేదేదీ ఫైల్లోకి పోదు.
2. వ్యూ ట్యాబ్‌లో జూమ్ నొక్కి, పర్సెంట్ గడిలో మీ అంకె కొట్టి ఓకే చేయండి. కింద కుడి మూల జారుడు గీతతోనూ చేయొచ్చు గానీ, దాంతో 130 కోసం చూస్తే 129, 131 తగులుతుంటాయి.
3. ఎక్కడైనా ఒక స్పేస్ కొట్టి, వెంటనే బ్యాక్‌స్పేస్‌తో చెరిపేయండి.
4. కంట్రోల్+ఎస్.

అంతే. ఆ స్పేస్, ఆ చెరపడం కలిసి ఫైలు మారిందని వర్డ్‌ను ఒప్పిస్తాయి. అది ఫైలును మళ్ళీ రాస్తుంది, రాసేటప్పుడు జూమ్ కూడా లోపలికి పోతుంది. స్పేస్ కొట్టాక కంట్రోల్+జెడ్‌తో వెనక్కి తీయొద్దు. అన్‌డూ చేస్తే మార్పు లేనట్టే లెక్క తేలే అవకాశముంది.

ఇక్కడే ఇంకో మాట. అక్షరాలు కనబడడంలేదని ఫాంట్ సైజు 12 నుంచి 16కు పెంచేవాళ్ళను చాలామందిని చూశాను. జూమ్ అంటే భూతద్దం, ఫాంట్ సైజు అంటే అక్షరమే. ఫాంట్ పెంచితే పేజీలు పెరుగుతాయి, లైన్లు విరిగే చోట్లు మారతాయి, ప్రింటు కొట్టాక గానీ తెలియదు. కంటికోసం ఫాంట్ జోలికి పోవద్దు.

వర్డ్: కొత్త ఫైళ్ళన్నీ మీ జూమ్‌తోనే పుట్టాలంటే

బ్లాంక్ డాక్యుమెంట్ నొక్కినప్పుడల్లా వర్డ్ ఒక అచ్చులోంచి (టెంప్లేట్) కొత్త కాగితం తీస్తుంది. ఆ అచ్చు పేరు నార్మల్, దాని తోక డాట్‌ఎమ్. అచ్చులో ఏ జూమ్ ఉంటే కొత్త ఫైలుకు అదే వస్తుంది. కాబట్టి అచ్చునే దిద్దాలి.

అది ఉండే చోటు: విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో ఆప్‌డేటా అని, దానికి ముందొక పర్సెంట్ గుర్తు, వెనకొక పర్సెంట్ గుర్తు పెట్టి, మధ్యలో ఖాళీలు లేకుండా కొట్టి ఎంటర్ చేయండి. రోమింగ్ అనే ఫోల్డర్ తెరుచుకుంటుంది. మామూలుగా ఇది దాగి ఉంటుంది, అందుకే ఈ దారి. అందులో మైక్రోసాఫ్ట్, దానిలో టెంప్లేట్స్. నార్మల్ అక్కడే ఉంటుంది. ముందు వర్డ్ మొత్తం మూసేసి, దానికి ఒక కాపీ తీసి డెస్క్‌టాప్‌మీద పెట్టుకోండి. ఏదైనా తేడా చేస్తే దాన్నే తిరిగి అక్కడ పడేస్తే సరి. నార్మల్‌ను పూర్తిగా తీసేసినా వర్డ్ కొత్తది పుట్టించుకుంటుంది గానీ, మీ సొంత స్టైళ్ళు, మ్యాక్రోలు (ఒకసారి రికార్డ్ చేస్తే అదే పనిని మళ్ళీ చేసిపెట్టేవి) అందులో ఉంటే అవి పోతాయి.

ఇప్పుడు జాగ్రత్త. ఆ ఫైలును రెండుసార్లు నొక్కి తెరవొద్దు. అచ్చును డబుల్‌క్లిక్ చేస్తే అచ్చు తెరుచుకోదు, అందులోంచి ఒక కొత్త కాగితం తెరుచుకుంటుంది. పైన టైటిల్‌లో డాక్యుమెంట్ 1 అని కనబడితే మీరు తప్పు దారిలో ఉన్నట్టు. రైట్‌క్లిక్ చేసి ఓపెన్ అనాలి, లేదా వర్డ్‌లోంచి ఫైల్, ఓపెన్, బ్రౌజ్ అని వెళ్ళి తెరవాలి. టైటిల్‌లో నార్మల్ అని కనబడితేనే ముందుకు వెళ్ళండి.

తెరిచాక ఏం చేయాలో మీకు తెలిసిందే: వ్యూ, జూమ్, మీ శాతం, ఒక స్పేస్, దాన్ని చెరపడం, సేవ్, మూసేయడం. వర్డ్ మొత్తం మూసి మళ్ళీ తెరిచి కొత్త కాగితం తీసి చూడండి.

నా స్నేహితుడొకాయన ఇది చేసి మర్నాడు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు చెప్పినట్టే చేశా, మళ్ళీ మొదటికొచ్చింది." అడిగితే తేలింది, ఆయన తెరుస్తున్నది కొత్త కాగితం కాదు, తన ఆఫీసు లెటర్‌హెడ్ ఫైలు. అచ్చు మార్చినంత మాత్రాన అంతకుముందే పుట్టిన ఫైళ్ళు మారవు. ఒక్కోదాన్ని తెరిచి పైన చెప్పిన స్పేస్ మంత్రం వేయాల్సిందే. లెటర్‌హెడ్ కూడా టెంప్లేటే అయితే దాన్ని కూడా రైట్‌క్లిక్‌తో తెరిచి ఒకసారి దిద్దితే చాలు.

వర్డ్: ఇతరులు పంపిన ఫైళ్ళు

నాకు అసలు తలనొప్పి ఇక్కడే. రోజుకు ఇరవై ఫైళ్ళు వస్తే ఇరవై జూమ్‌లు వస్తాయి. పంపేవాళ్ళకు చెప్పలేం కదా. దీనికి ఒక చిన్న మ్యాక్రో చాలు, కోడ్ రాయక్కర్లేదు, రికార్డ్ చేయొచ్చు.

1. ఏదైనా ఫైలు తెరిచి ఉంచి, వ్యూ ట్యాబ్‌లో మ్యాక్రోస్ కింద ఉన్న బాణం నొక్కి రికార్డ్ మ్యాక్రో ఎంచుకోండి.
2. పేరు దగ్గర ఆటోఓపెన్ అని ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. ఈ పేరే కీలకం. ఈ పేరున్న మ్యాక్రోను వర్డ్ ప్రతి ఫైలు తెరిచినప్పుడూ తనంతట తాను నడుపుతుంది. వేరే పేరు పెడితే అది మీరు పిలిచేదాకా మూల కూర్చుంటుంది.
3. స్టోర్ మ్యాక్రో ఇన్ అన్నచోట ఆల్ డాక్యుమెంట్స్, నార్మల్ అన్నదే ఉండాలి.
4. ఓకే కొట్టాక వ్యూ, జూమ్, శాతం, ఓకే. ఇంకేమీ ముట్టుకోవద్దు. ఇప్పుడు మీరు చేసే ప్రతి పనీ రికార్డవుతోంది. నేను మొదటిసారి ఈ మధ్యలో కర్సర్ కిందికి దించాను, ఆ తర్వాత ప్రతి ఫైలూ ఒక లైను కిందికి దిగి తెరుచుకునేది.
5. మళ్ళీ మ్యాక్రోస్ బాణం నొక్కి స్టాప్ రికార్డింగ్.

వర్డ్ మూసేటప్పుడు నార్మల్ టెంప్లేట్ సేవ్ చేయాలా అని అడిగితే అవుననండి. ఇక ఏ ఫైలు తెరిచినా మీ శాతమే.

దీనికి రెండు ఇబ్బందులున్నాయి. మీరు కావాలని వేరే జూమ్‌తో దాచుకున్న సొంత ఫైళ్ళను కూడా ఇది వదలదు, అన్నిటినీ ఒకే గాటన కడుతుంది. ఇక రెండోది, ప్రొటెక్టెడ్ వ్యూలో, అంటే ఆ పసుపుపచ్చ పట్టీ ఉన్నంతసేపు, మ్యాక్రోలు నడవవు. మెయిల్లో వచ్చిన ఫైలు ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కేదాకా పంపినవాళ్ళ జూమ్‌లోనే ఉంటుంది. ఆఫీసు కంప్యూటర్లలో ఐటీ వాళ్ళు మ్యాక్రోలు మొత్తం ఆపేసి ఉంటే ఈ దారి మూసుకున్నట్టే. వాళ్ళతో గొడవ పడొద్దు, మ్యాక్రోల రూపంలో వైరస్‌లు వస్తాయన్నది నిజం.

మెయిల్ ఫైళ్ళు పుస్తకంలా అడ్డంగా రెండు కాలమ్‌లలో తెరుచుకుంటుంటే అది జూమ్ గొడవ కాదు, రీడింగ్ వ్యూ. ఫైల్, ఆప్షన్స్, జనరల్‌లో చివరికి వెళ్తే మెయిల్ అటాచ్‌మెంట్‌లను రీడింగ్ వ్యూలో తెరవమనే టిక్ ఉంటుంది. తీసేయండి.

ఎంత శాతం పెట్టుకోవాలి: ఒక చిన్న లెక్క

ఊరికే 130 అనేశాను గానీ అది నా కంటికి, నా స్క్రీన్‌కు. మీ అంకె తెలియాలంటే ఒకసారి లెక్క వేసుకోవాలి. జూమ్‌నూ విండో సైజునూ విడివిడిగా పెట్టుకుంటే ఎప్పుడూ ఒకటి ఇంకోదాన్ని చెడగొడుతుంది కాబట్టి ఈ లెక్క పనికొస్తుంది.

ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, అంటే 8.27 అంగుళాలు. విండోస్ మామూలుగా అంగుళానికి 96 పిక్సెళ్ళు లెక్కేస్తుంది. గుణిస్తే 794. అంటే వంద శాతం జూమ్‌లో ఏ4 పేజీకి అడ్డంగా 794 పిక్సెళ్ళు కావాలి. మీ స్క్రీన్ 1920 పిక్సెళ్ళ వెడల్పు అనుకోండి. ఒక పక్క వర్డ్, ఒక పక్క బ్రౌజర్ పెట్టుకుని పనిచేస్తే వర్డ్‌కు దక్కేది 960. పేజీ మొత్తం కనబడాలంటే 120 శాతం దాటకూడదు. స్క్రోల్ పట్టీ, అంచులు పోను 115 అనుకోండి.

ల్యాప్‌టాప్‌లలో ఒక దొంగ ఉంటాడు. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలో స్కేల్ అన్నది చాలా ల్యాప్‌టాప్‌లలో 125 శాతం ఉంటుంది. అప్పుడు వర్డ్‌లో వంద అంటే నిజానికి నూట ఇరవై ఐదు. అదే ఏ4 పేజీకి 992 పిక్సెళ్ళు కావాలి, సగం స్క్రీన్‌లో వంద శాతం కూడా పట్టదు. పాత 1366 పిక్సెళ్ళ ల్యాప్‌టాప్ అయితే స్కేల్ ఏమీ పెంచకపోయినా సగం స్క్రీన్‌లో 86 శాతమే. 'మీరు 130 పెట్టమన్నారు, పేజీ కుడి పక్క తెగిపోతోంది' అని అడిగేవాళ్ళందరి కథా ఇదే.

దీనికి నాకు నచ్చిన విరుగుడు: పేజీ అంచుల తెల్లదనం చూసి ఏం చేస్తాం? వ్యూ, జూమ్‌లో పేజ్ విడ్త్ కాకుండా టెక్స్ట్ విడ్త్ ఎంచుకోండి. రెండు పక్కలా అంగుళం అంచు ఉన్న ఏ4లో అక్షరాలు పరుచుకునేది 6.27 అంగుళాలే, అంటే 602 పిక్సెళ్ళు. సగం స్క్రీన్‌లోనే దాదాపు 150 శాతం వస్తుంది. స్కేల్ 125 ఉన్న ల్యాప్‌టాప్‌లో కూడా 120 దాటుతుంది. తెలుగు వత్తులకు ఇది బంగారం. పైగా ఇలా పెట్టి సేవ్ చేస్తే వర్డ్ ఫైల్లో అంకెతోపాటు 'వెడల్పుకు సరిపెట్టు' అన్న మాట కూడా రాసుకుంటుంది. ఇందాక జిప్ తెరిచి చూసిన చోటే ఇదీ కనబడుతుంది.

వర్డ్: విండో సైజు

వర్డ్‌లో ప్రతి ఫైలుకూ సొంత విండో ఉంటుంది. కానీ గుర్తుపెట్టుకునే సైజు ఒక్కటే. ఐదు ఫైళ్ళు తెరిచి ఐదింటినీ ఐదు సైజుల్లో పెట్టి మూసేస్తే దేన్ని గుర్తుంచుకోవాలి? చివర మూసినదాన్ని. మనం చివర మూసేది ఎప్పుడూ ఏదో మూలన మర్చిపోయిన చిన్న విండోనే అవుతుంది. చాలామంది సమస్య ఇక్కడే పుడుతుంది.

1. ఒక్క ఫైలు మిగిల్చి వర్డ్ విండోలన్నీ మూసేయండి. టాస్క్‌బార్‌లో వర్డ్ బొమ్మమీద మౌస్ పెట్టి, దాక్కున్నవి లేవని చూసుకోండి.
2. మిగిలిన విండో నిండా పరుచుకుని ఉంటే పై కుడి మూల మూడు బొమ్మల్లో మధ్యది నొక్కి చిన్నది చేయండి.
3. అంచులు, మూలలు పట్టుకుని చేత్తో లాగి మీకు కావాల్సిన సైజుకు తెచ్చి, కావాల్సిన చోట పెట్టండి. విండోస్ కీ, బాణం కొట్టి సగానికి అతికించొద్దు. అలా అతికించిన సైజును విండోస్ తాత్కాలికంగానే చూస్తుంది, దాని వెనక అసలు సైజు వేరే దాచి ఉంచుతుంది. వర్డ్ దాచుకునేది ఆ వెనకదే కావొచ్చు.
4. ఇంటూ గుర్తు నొక్కి మూసేయండి.
5. స్టార్ట్ మెనూలోంచి వర్డ్ తెరిచి చూడండి.

ఎప్పుడూ స్క్రీన్ నిండా తెరుచుకోవడమే కావాలంటే ఇంత తతంగం అక్కర్లేదు. డెస్క్‌టాప్‌మీద ఉన్న వర్డ్ షార్ట్‌కట్ మీద రైట్‌క్లిక్, ప్రాపర్టీస్, రన్ అన్నచోట మాక్సిమైజ్డ్. ఆ షార్ట్‌కట్‌తో తెరిస్తేనే పనిచేస్తుందని మర్చిపోవద్దు. నేరుగా ఫైలును డబుల్‌క్లిక్ చేస్తే షార్ట్‌కట్‌కు ఆ సంగతే తెలియదు.

ఇవన్నీ చేసినా వర్డ్ మొండికేస్తే రిజిస్ట్రీలో రాసుకున్నది పాడై ఉండొచ్చు. ఇది చివరి అస్త్రం, తెలిసినవాళ్ళను పక్కన పెట్టుకుని చేయండి. వర్డ్ మొత్తం మూసి, రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి, కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, ఆఫీస్, 16.0, వర్డ్, డేటా వరకు దిగండి. ఆఫీస్ 2016, 2019, 2021, 365 అన్నిటికీ ఆ అంకె 16.0నే, 2013 అయితే 15.0. డేటామీద రైట్‌క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్‌తో ముందు కాపీ తీసుకోండి. తర్వాత దాని పేరు చివర ఒక అక్షరం చేర్చండి. వర్డ్ తెరిస్తే తన డేటా కనబడక కొత్తది రాసుకుంటుంది. విండో సైజుతోపాటు ఇంకొన్ని అలవాట్లు కూడా మొదటికి వస్తాయి. ఇప్పుడు పై ఐదు మెట్లు మళ్ళీ.

లిబ్రెఆఫీస్ రైటర్

లిబ్రెఆఫీస్‌లో వర్డ్‌లాంటి ప్రోగ్రాము పేరు రైటర్. డబ్బు కట్టక్కర్లేనిది, ఉబుంటు అనే లినక్స్‌లోనూ నడుస్తుంది, కాబట్టి మన దగ్గర వాడేవాళ్ళు బాగానే ఉన్నారు. సూత్రం అదే, పేర్లు వేరు. కాకపోతే ఇందులో వర్డ్‌లో లేని ఒక మంచి మీట ఉంది.

టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్. అక్కడ లోడ్ యూజర్-స్పెసిఫిక్ సెట్టింగ్స్ విత్ ద డాక్యుమెంట్ అని ఒక టిక్ ఉంటుంది. టిక్ ఉంటే ఫైల్లో దాచిన జూమ్‌తో తెరుచుకుంటుంది. తీసేస్తే ఫైల్లో ఉన్నదాన్ని పక్కనపెట్టి మీ సెట్టింగులతో తెరుస్తుంది. పరాయి జూమ్‌ల బెడదకు వర్డ్‌లో మ్యాక్రో రాయాల్సి వచ్చింది, ఇక్కడ ఒక్క టిక్ తీస్తే చాలు. నాలాగా రోజంతా ఇతరుల ఫైళ్ళు చూసేవాళ్ళు తీసేయడమే మేలు. సొంత ఫైళ్ళే రాసుకునేవాళ్ళు ఉంచుకోండి.

జూమ్ కోసం వ్యూ మెనూలో జూమ్, అందులో మళ్ళీ జూమ్. వర్డ్ టెక్స్ట్ విడ్త్‌లాంటిది ఇక్కడ ఆప్టిమల్ అనే పేరుతో ఉంటుంది. కొత్త ఫైలు చివర వాడిన జూమ్‌నే పట్టుకుంటుంది కాబట్టి అచ్చు దిద్దే పని చాలామందికి రాదు.

ఫైలు తెరవగానే నిన్న వదిలిన చోటికి పోవాలని ఉంటే టూల్స్, ఆప్షన్స్, లిబ్రెఆఫీస్, యూజర్ డేటాలో మీ పేరు నింపండి. అది ఖాళీగా ఉంటే ఫైలు మీదో కాదో రైటర్‌కు తెలియదు, మొదటి పేజీలోనే నిలబెడుతుంది. షిఫ్ట్+ఎఫ్5 కొడితే వదిలిన చోటికి వెళ్ళడం వర్డ్‌లోనూ ఉంది.

విండో సైజు విషయంలో రైటర్, లెక్కల పట్టికల కాల్క్, స్లైడ్ల ఇంప్రెస్, మొదట కనబడే స్టార్ట్ సెంటర్, దేనికదే వేరుగా రాసుకుంటుంది. స్టార్ట్ సెంటర్‌ను లాగి పెద్దది చేసి 'రైటర్ చిన్నగానే తెరుచుకుంటోంది' అంటే లాభం లేదు. రైటర్లో ఒక ఫైలు తెరిచి, దాన్నే లాగి, దాన్నే మూయాలి.

ఇదంతా రాసుకునే ఫైలు పేరు రిజిస్ట్రీమాడిఫికేషన్స్. విండోస్‌లో ఇందాకటి ఆప్‌డేటాలో లిబ్రెఆఫీస్, 4, యూజర్. లినక్స్‌లో హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉన్న కాన్ఫిగ్, లిబ్రెఆఫీస్, 4, యూజర్. మీది 7 అయినా 24 అయినా ఆ ఫోల్డర్ పేరు 4గానే ఉండిపోయింది, కంగారు పడొద్దు. అందులో విండో యాట్రిబ్యూట్స్ అన్న మాట వెతికితే పక్కన కామాలతో నాలుగు అంకెలు కనబడతాయి: ఎడమనుంచి ఎంత, పైనుంచి ఎంత, వెడల్పు, ఎత్తు. లిబ్రెఆఫీస్ పూర్తిగా మూసి ఉన్నప్పుడు వాటిని చేత్తో కూడా మార్చొచ్చు. తెరిచి ఉండగా మారిస్తే మూసేటప్పుడు తన లెక్కతో చెరిపేస్తుంది. చేత్తో వద్దనుకుంటే హెల్ప్ మెనూలో రీస్టార్ట్ ఇన్ సేఫ్ మోడ్, అక్కడ ప్రొఫైల్‌ను మొదటికి తెచ్చుకునే వీలుంది.

ఉబుంటు వాడేవాళ్ళకు ఒక నిరాశ. కొత్త ఉబుంటులు వేలాండ్ అనే పద్ధతిలో నడుస్తాయి. అందులో ఏ ప్రోగ్రాముకూ 'నేను ఫలానా చోట నిలబడతాను' అని చెప్పే హక్కు లేదు, చోటు నిర్ణయించేది డెస్క్‌టాపే. సైజు నిలుస్తుంది, చోటు నిలవదు. దానికోసం లిబ్రెఆఫీస్‌తో కుస్తీ పట్టి నేనొక ఆదివారం పోగొట్టుకున్నాను.

రెండు మానిటర్లు ఉన్నవాళ్ళకు

ఆఫీసులో పెద్ద మానిటర్‌కు తగిలించి, ఇంటికి ల్యాప్‌టాప్ ఒక్కటే తెచ్చుకుంటే విండోలన్నీ చిన్న స్క్రీన్‌మీదికి గుంపుగా వచ్చి పడతాయి. మర్నాడు మళ్ళీ తగిలిస్తే ఒక్కటీ తన చోటికి పోదు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద, మానిటర్ కనెక్షన్‌ను బట్టి విండోల చోటు గుర్తుపెట్టుకోమనే టిక్ ఉంటుంది. అది పెట్టండి. వర్డ్ మూసేటప్పుడు ఏ మానిటర్‌మీద ఉందో చూసుకోండి. మీరు ఎక్కువసేపు పనిచేసే స్క్రీన్‌మీదే దాన్ని చివరిసారి మూయాలి.

విండో అసలు కనబడకుండా, లేని మానిటర్‌మీద తెరుచుకుంటే భయపడొద్దు. ఆల్ట్+ట్యాబ్‌తో దాన్ని ఎంచుకుని, ఆల్ట్+స్పేస్ కొట్టి, మూవ్ ఎంచుకుని, ఏదో ఒక బాణం కీ ఒక్కసారి నొక్కితే విండో మౌస్‌కు అతుక్కుంటుంది. మౌస్ కదిపితే స్క్రీన్‌మీదికి వస్తుంది. క్లిక్ చేసి వదిలేయండి. నిండా పరుచుకుని ఉన్న విండోకు మూవ్ పనిచేయదు, ముందు అదే మెనూలో రిస్టోర్ నొక్కాలి.

గూగుల్ డాక్స్ సంగతి ఒక్క మాటలో

అది బ్రౌజర్ లోపల ఉంటుంది కాబట్టి విండో సైజు బ్రౌజర్ సొత్తు. కంట్రోల్, ప్లస్ కొట్టి పెంచితే క్రోమ్ ఆ జూమ్‌ను సైటు వారీగా గుర్తుంచుకుంటుంది, ఒక్క ఫైలుకు అని కాదు. టూల్‌బార్ కూడా దాంతోపాటే ఉబ్బుతుంది, దాన్ని ఓర్చుకోవాలి.

నా కంప్యూటర్లో ఇప్పుడు వర్డ్ ఎడమ సగంలో టెక్స్ట్ విడ్త్‌తో తెరుచుకుంటుంది. నిన్న వచ్చిన ఫైల్లో మూడో పేజీలో మళ్ళీ 'అర్ధం' పడింది. ఈసారి చుక్క లేకపోవడం చదువుతున్నప్పుడే కనబడింది.